బాగున్న రోజునే చేయాల్సిన పని

మా ఇంట్లో టీవీ కింద సొరుగులో వంద పేజీల రూళ్ళ నోటుబుక్కు ఒకటి ఉంది. మొదటి పేజీలో ఒకే ఒక్క వరుస ఉంటుంది: "బంటి, 6 వారాలు, మొదటి ఇంజెక్షన్, 1.8 కిలోలు." దాని కింద ఏమీ రాసి లేదు. పద్నాలుగేళ్ళుగా ఆ పేజీని అలాగే వదిలేశాను.

బంటి మా వీధి చివర ఇల్లు కడుతున్న చోట, ఇసుక గుట్ట మీద పుట్టిన కుక్కపిల్ల. తల్లిని లారీ తొక్కేస్తే మిగిలిన ఒక్కదాన్ని ఇంటికి తెచ్చుకున్నాం. ఆరో వారంలో ఇంజెక్షన్ వేయించాను. మళ్ళీ ఎప్పుడు తీసుకురావాలో అక్కడ ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. టీకా అంటే ఒకసారి వేస్తే అయిపోయే పని అనుకున్నాను. పదకొండో వారంలో ఒకరోజు పొద్దున పాలు ముట్టలేదు. మధ్యాహ్నానికి తెల్లటి నురగతో వాంతులు, రాత్రికి నెత్తుటి విరేచనాలు. అది పార్వో, కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు. పార్వో వచ్చిన ఇంట్లో ఒక వాసన వస్తుంది. కుళ్ళిన మాంసానికి తుప్పు పట్టిన ఇనుము కలిసినట్టుండే ఆ వాసన ఒకసారి ముక్కుకు సోకితే మరి మరుపు రాదు. మూడు రోజులు సెలైన్ ఎక్కించాం. ముందుకాలికి చుట్టిన పట్టీని నాకాలని చూసేది, తల ఎత్తే ఓపిక లేక గడ్డాన్ని నా అరచేతిలో పెట్టేసేది. నాలుగో రోజు తెల్లవారకముందే పోయింది.

ఎక్కడ తప్పు చేశానో తర్వాత తెలుసుకున్నాను. పిల్ల పుట్టిన తొలి గంటల్లో తాగే ముర్రుపాలతో తల్లి నుంచి కొంత రక్షణ వస్తుంది. ఆ రక్షణ ఒంట్లో బలంగా ఉన్నంతకాలం బయటి నుంచి వేసిన టీకాను కూడా అది శత్రువుగానే ఎంచి తుడిచేస్తుంది. అది ఒక పిల్లలో ఎనిమిదో వారానికే తగ్గిపోవచ్చు, మరో పిల్లలో పద్నాలుగో వారం దాకా ఉండవచ్చు. ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో పైకి చూసి చెప్పలేం. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి చొప్పున, పదహారు వారాలు నిండేదాకా వేయిస్తూనే ఉండాలి. ఆ చివరిదే అన్నిటికంటే ముఖ్యమైనది. ఆపైన ఆరు నెలలకో ఏడాదికో బలపరిచే మోతాదు ఒకటి. చాలా ఇళ్ళలో కార్డు మీద మొదటి రెండు గడులు నిండి ఉంటాయి, మూడోది ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ గడి చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

పార్వో లోకానికి తెలిసింది 1978లో. రెండేళ్ళు తిరక్కుండానే ప్రపంచమంతా చుట్టేసింది. కుక్క చనిపోయాక కూడా ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది. ఇల్లంతా ఫినాయిలుతో కడిగినంత మాత్రాన చావదు, బ్లీచింగ్ నీళ్ళు కావాలి. బంటి పోయిన ఏడాదికి గానీ మరో పిల్లను ఇంటికి తేవడానికి నాకు ధైర్యం రాలేదు. అలా వచ్చినదే గౌరి. ఊరకుక్కే, గోధుమ రంగు, ఎడమ చెవి కొస తెల్లన. ఇప్పుడు దానికి పన్నెండేళ్ళు దాటాయి. నోటుబుక్కు రెండో పేజీ నుంచి సగందాకా దానిదే.

ఈ పద్నాలుగేళ్ళలో నేను ఎక్కువసార్లు విన్న మాట "బాగానే ఉంది కదా!" అనేదే. టీకా తేదీ గుర్తుచేస్తే, పళ్ళు చూపించమంటే, రక్త పరీక్ష చేయించమంటే, అందరూ ఇచ్చే జవాబు ఇదే. బాగానే తింటోంది, బాగానే పరుగెత్తుతోంది, ఇప్పుడు ఆసుపత్రికి ఎందుకు అంటారు. ఈ మాటతోనే నా గొడవ. కుక్కా పిల్లీ నోరులేనివని అంటూనే, వాటికి జబ్బు చేస్తే అవే వచ్చి చెబుతాయన్నట్టు ఎదురు చూస్తాం. నిజానికి జబ్బును దాచుకోవడమే వాటి స్వభావం. అడవిలో నీరసం బయటపెట్టిన జంతువు వేటకు ముందు దొరుకుతుంది. మనకు కనిపించేసరికి అది ఎన్నో రోజులుగా ఓర్చుకుంటూ వచ్చిందన్నమాట.

"వీధికుక్కలకు ఎవరు టీకాలు వేయిస్తున్నారు? అవి బతకడం లేదా?" అని అడిగేవాళ్ళూ ఉన్నారు. బతికిన వాటినే మనం చూస్తున్నాం. కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞాన సంస్థ పరిశోధకులు పశ్చిమ బెంగాల్‌లో 95 ఈతల్లో పుట్టిన 364 వీధి కుక్కపిల్లలను వెంబడించి గమనించారు. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. పిల్లలు పెట్టే వయసుదాకా మిగిలినవి నూటికి 19. చావుల్లో సగానికి పైగా మనుషుల వల్లనే జరిగాయి కాబట్టి అన్నీ రోగాల ఖాతాలో వేయలేం. కానీ "అవన్నీ బతకడం లేదా" అన్న ప్రశ్నకు మాత్రం అది సూటి జవాబు. ఎక్కువ భాగం బతకడం లేదు.

ఇక ఖర్చు సంగతి. బంటికి మూడు రోజుల సెలైన్‌కూ మందులకూ నేను పెట్టిన డబ్బులో మూడో వంతు కూడా కాదు, మిగిలిన టీకాలన్నీ వేయించి ఉంటే అయ్యేది. డబ్బు లేక వేయించలేని వాళ్ళ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వాళ్ళకోసం పశువైద్యశాలలు మరింత బాగా పనిచేయాలని కోరుకుంటాను. నేను మాట్లాడుతున్నది పుట్టినరోజుకు కుక్కకు కేకు కోయించి, మూడో ఇంజెక్షన్ మరిచిపోయే ఇళ్ళ గురించి.

రేబిస్ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. మిగతా టీకాలు మీ జంతువు కోసం, ఇది మీ ఇంట్లో పిల్లల కోసం కూడా. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అన్న మాట మన పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ వినిపిస్తుంది. గొర్రె మెదడు నుంచి తీసే ఆ పాత టీకా మన దేశంలో 2005 నాటికి పూర్తిగా పోయింది. భయం మాత్రం మిగిలింది, ఆ భయం కూడా కుక్క కరిచాకే గుర్తొస్తుంది. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు దాదాపు చికిత్స లేదు. మనుషులకు వచ్చే రేబిస్‌లో నూటికి 99 వంతులు కుక్కల నుంచే. అందువల్ల దాన్ని ఆపవలసిన చోటు కుక్క దగ్గరే. మూడు నెలలు నిండగానే ఒకటి, ఏడాదికి మరొకటి, ఆపైన మన దేశంలో ఏటా. ఆ టీకా ఎక్కడో విదేశాల నుంచి రానక్కర్లేదు, హైదరాబాదు గచ్చిబౌలిలోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ దశాబ్దాలుగా దాన్ని తయారుచేస్తోంది. 1885 జులై 6న పాశ్చర్ ఒక తొమ్మిదేళ్ళ బాలుడికి తొలిసారి రేబిస్ టీకా ఇప్పించిన రోజు గుర్తుగా ఏటా జులై 6న రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పశువైద్యశాలల్లో ఉచితంగా టీకా వేస్తుంటారు. మా వీధిలో అన్నం పెట్టే నాలుగు కుక్కలను ఆ రోజున పట్టుకెళ్ళడానికి నేనూ పక్కింటి అబ్బాయీ ముందు రోజే బిస్కెట్లు కొనిపెట్టుకుంటాం. టీకా వేసిన కుక్కే కరిచినా సరే, గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పావుగంట కడగాలి, ఆ వెంటనే మనుషుల ఆసుపత్రికి వెళ్ళాలి. పసుపూ కారం పెట్టే అలవాటు ఇంకా పోలేదు, అది పోవాలి.

ఆదివారం ఉదయం మా వరండాలో జరిగే పని ఒకటి చెబుతాను. గౌరిని చాప మీద పడుకోబెడతాను. పక్కన చిన్న గాజు సీసాలో స్పిరిట్, చేతిలో పట్టకారు. ముందు చెవులు. చెవి లోపలి మడతలో వేలు పోనిస్తే గరుకుగా ఏదైనా తగులుతుందా చూస్తాను. తర్వాత మెడపట్టీ కింద, చంకల్లో, తోక మొదట్లో, చివరగా కాలివేళ్ళ సందుల్లో. పిడుదు దొరికితే చర్మానికి ఆనించి పట్టుకుని మెలి తిప్పకుండా తిన్నగా లాగి సీసాలో వేస్తాను. గోటితో నలిపితే దాని రక్తంలో ఉన్నదంతా మన వేళ్ళకు అంటుతుంది. కొన్ని ప్రాంతాల్లో వీటినే గోమార్లంటారు. ఈ పావుగంట గౌరికి చాలా ఇష్టం. పొట్ట పైకి పెట్టి కళ్ళు మూసుకుంటుంది.

కుక్క ఒంటి మీద కనిపించే పిడుదులు కొన్నే. పిల్ల పురుగుగా ఒకసారి, కాస్త ఎదిగి ఒకసారి, పెద్దదై ఒకసారి, మూడుసార్లు రక్తం తాగి మూడుసార్లూ కిందికి రాలిపోతుంది. ఆడది గోడ పగుళ్ళలో, తలుపు చట్రాల వెనక వేలల్లో గుడ్లు పెడుతుంది. మన వాతావరణంలో వాటికి చలికాలం అడ్డు కూడా లేదు. అందుకే కుక్కకు మందు రాసి ఇంటి గోడలు వదిలేస్తే నెల తిరిగేసరికి మళ్ళీ మొదటికే వస్తాం. ఇవి మోసుకొచ్చే జబ్బునే అందరూ టిక్ ఫీవర్ అంటారు. ఎర్లికియా అనే సూక్ష్మజీవి తెల్ల రక్తకణాల్లో చేరి ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. జ్వరం వచ్చి దానంతట అదే తగ్గినట్టు కనిపించి, నెలల తరబడి లోపల నిద్రపోయి, ఒకరోజు ముక్కు నుంచి రక్తంగా బయటపడవచ్చు. తొలి దశలో దొరికితే నెల రోజుల మాత్రలతో సరిపోతుంది. నెలకో మూడు నెలలకో ఒకసారి ఇచ్చే నమిలే మాత్రలు, మెడ మీద వేసే చుక్కల మందులు ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా దొరుకుతున్నాయి. మూర్ఛలు వచ్చే కుక్క అయితే మాత్రలకు ముందే డాక్టరుతో ఆ మాట చెప్పాలి. మరో ముఖ్యమైన సంగతి, కుక్కల చుక్కల మందును పిల్లికి వేయకూడదు. పెర్మెత్రిన్ ఉన్న మందు పిల్లిని చంపేస్తుంది. చుక్కలో సగమే వేశామని చెప్పినవాళ్ళ ఇంట్లో కూడా అది జరిగింది.

నులిపురుగుల మందు గురించి రెండు మాటలతో సరిపెడతాను. ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే కుక్కపిల్లకు చేరతాయి కాబట్టి రెండు వారాల వయసు నుంచే మందు మొదలవ్వాలి. పెద్దయ్యాక మూడు నెలలకు ఒకసారి చాలు. ఆ పురుగుల గుడ్లు మట్టిలో కలిసి, ఆడుకునే పిల్లల చేతుల ద్వారా కడుపులోకి వెళ్ళి, కంటిచూపును కూడా దెబ్బతీయగలవు.

ఇప్పుడు పిల్లుల సంగతికి వస్తాను, వీటికి జరిగే అన్యాయం ఇంకా పెద్దది. కుక్కను ఆసుపత్రికి తీసుకెళ్ళే ఇళ్ళు కూడా పిల్లిని తీసుకెళ్ళవు. దానికి ఏమీ కాదంటారు, అదే చూసుకుంటుందంటారు. పిల్లులకూ పార్వో లాంటి జబ్బు ఉంది, కుక్కల వైరస్‌కు దగ్గరి చుట్టమే. ఇంట్లోంచి కాలు బయటపెట్టని పిల్లికి కూడా మన చెప్పుల మట్టితో రావచ్చు. దానికీ జలుబు వైరస్‌లకూ కలిపి వేసే టీకా ఉంది, రేబిస్ టీకా వేరే. మా మల్లి తలుపు తీసిన సందులోంచి రెండుసార్లు మెట్లు దిగి పారిపోయింది, రెండో సారి ముక్కు మీద గాటుతో తిరిగొచ్చింది. ఇంటి పిల్లికి రేబిస్ టీకా ఎందుకు అనేవాళ్ళకు ఆ గాటు చూపించేదాన్ని.

పాలన్నం పెట్టి పిల్లిని పెంచడం మన దగ్గర తరతరాల అలవాటు. ఎలుకలు పట్టుకునే రోజుల్లో మిగతాది అదే వెతుక్కునేది. ఇప్పుడు మూడో అంతస్తులో తలుపులు మూసి, పాలన్నం పెరుగన్నం మాత్రమే పెడితే అది లోలోపల ఎండిపోతుంది. పిల్లి మాంసాహారి. టారిన్ అనే పోషకం దానికి మాంసం, చేపల నుంచే అందాలి. అది చాలకపోతే చూపు పోతుంది, గుండె కండరం సాగి బలహీనపడుతుంది. గుండె సంగతి 1987లో అమెరికాలో బయటపడింది, ఆ తర్వాతే పిల్లుల ఆహారాల్లో టారిన్‌ను పెంచారు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలే అరగవు. శాకాహార ఇళ్ళను నొప్పించాలని కాదు గానీ, ఇంట్లో మాంసం వండలేమనుకుంటే పిల్లికి తగిన ఆహారం కొని పెట్టాలి. అదీ వీలు కాదంటే పిల్లిని పెంచకపోవడమే దానికి మేలు.

జ్వరంగా ఉందని పిల్లికి పారాసెటమాల్ ఇచ్చి, పొద్దున్నే ఏడుస్తూ ఫోను చేసిన స్నేహితురాలు నాకు ఉంది. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్ర చాలు, చిగుళ్ళు గోధుమ రంగుకు తిరిగి ఊపిరి అందకుండా పోతుంది. కుక్కలకు కూడా మన నొప్పి మాత్రలు, కిస్మిస్‌లు, ద్రాక్షపళ్ళు, చాక్లెట్, ఉల్లిపాయలు వేసిన కూర పనికిరావు. మగపిల్లి మట్టిపెట్టె దగ్గర పదేపదే కూర్చుని ముక్కుతూ ఉంటే అది మలబద్ధకం అనుకోవద్దు, మూత్రం అడ్డుపడి ఉండవచ్చు. రాత్రయినా బయలుదేరాల్సిందే. తెల్లారేదాకా ఆగితే ఆలస్యమైపోవచ్చు.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ దగ్గర మా ఇంట్లోనే పెద్ద చర్చ జరిగింది. "ఒక్క ఈత కూడా కాకుండా కోత కోయిస్తావా, పాపం కాదా?" అని మా అత్తగారు బాధపడ్డారు. ఆవిడ బాధ నిజమైనదే, కాబట్టి కొట్టిపారేయలేదు. కానీ ఒక ఈత అయితే ఆడకుక్క ఆరోగ్యంగా ఉంటుందన్న నమ్మకానికి ఆధారం లేదు. ఎదకు వచ్చిన ప్రతిసారీ గర్భసంచి లోపలి పొర మందమవుతూ, కొన్నేళ్ళకు అందులో చీము చేరే ప్రమాదం ఉంది. స్వీడన్‌లో బీమా లెక్కల ప్రకారం ఆపరేషన్ కాని ఆడకుక్కల్లో పదేళ్ళ లోపే దాదాపు నాలుగింట ఒకదానికి ఆ జబ్బు వచ్చింది. పక్కింటి పిన్నిగారి లిల్లీకి ఎనిమిదేళ్ళ వయసులో అదే జరిగింది. ఎద అయిన నెలకు ఊరికే నీళ్ళు తాగుతోంది, ఎండలకేమో అనుకున్నారు. నాలుగో రోజు లేవలేదు. అర్ధరాత్రి కడుపు కోసి, రెండు చేతులకు సరిపడేంత ఉబ్బిన గర్భసంచిని తీశారు. లిల్లీ బతికింది. ఆ రాత్రి ఆసుపత్రి బల్ల మీద కూర్చున్న మా అత్తగారు ఇంటికొచ్చి, "గౌరికి చేయించేయ్" అన్నారు. పెద్ద జాతి కుక్కలకు కీళ్ళు గట్టిపడేదాకా కొన్నాళ్ళు ఆగాల్సి ఉంటుంది, ఎప్పుడన్నది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి.

మనం ప్రేమను తిండిగా పెడతాం. నాకు అర్థమయ్యే అలవాటే, కానీ కుక్క విషయంలో అది దాని ఆయువులోంచి తీసి దానికే పెట్టడం. అమెరికాలో పెంపుడు జంతువుల ఆహారం తయారుచేసే పూరినా సంస్థ 48 లాబ్రడార్ పిల్లలను జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదానికంటే పావువంతు తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించింది. 2002లో వెలువడిన ఫలితం ప్రకారం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి, కీళ్ళనొప్పులకు మందు అవసరమైన వయసు కూడా వెనక్కి జరిగింది. పన్నెండు పదమూడేళ్ళ బతుకులో రెండేళ్ళు! పక్కటెముకల మీద చెయ్యి ఆనిస్తే ఎముకలు వేళ్ళకు తెలియాలి. గట్టిగా నొక్కితే గానీ తెలియకపోతే బరువెక్కినట్టే. మా అత్తగారు గౌరికి పెట్టే నెయ్యి ముద్ద నేను ఆపలేకపోయాను, పొద్దుటి అన్నంలో అంత తగ్గించి సరిచేసుకున్నాను.

బెజవాడ మే నెల గురించి వేరే చెప్పనక్కర్లేదు. పొద్దున ఆరు దాటాక గౌరిని బయటికి తీసుకెళ్ళం. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దారి. ముక్కు అణగిన పగ్‌లకు ఆ దారి కూడా సగం మూసుకుపోయి ఉంటుంది. మంచు దేశపు హస్కీలను ఈ ఎండల్లోకి తెచ్చి పెంచడం నాకు ఎన్నటికీ మింగుడుపడదు.

పళ్ళ సంగతి నేను ఆలస్యంగా పట్టించుకున్నాను. మూడేళ్ళు వచ్చేసరికే చాలా కుక్కలకూ పిల్లులకూ చిగుళ్ళ జబ్బు మొదలవుతుంది. నోటి కంపును కుక్కలకు సహజం అనుకుంటాం. గౌరికి ఏడో ఏట గార తీయించినప్పుడు లోపల కుళ్ళిన దవడ పన్ను ఒకటి దొరికింది. అన్నాళ్ళూ అది కుడివైపుతోనే నమిలేదట. నేను రోజూ దాని ఎదురుగానే కూర్చుని కూడా గమనించలేదు. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు వేలికి గుడ్డ చుట్టి, కుక్కల పేస్టు రాసి రుద్దుతాను.

వయసు మీద పడ్డాక ఏడాదికి ఒకసారి చూపిస్తే చాలదు. వాటికి ఏడాది అంటే మనకు ఎన్నో ఏళ్ళు గడిచినట్టు. ఏడెనిమిదేళ్ళు దాటాక ఆరు నెలలకు ఒకసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించాలి, బరువు చూడాలి. మల్లి విషయంలో నాకు ఇది కళ్ళకు కట్టింది. పదకొండో ఏట దాని బరువు మూడు నెలల్లో 4.2 నుంచి 3.8 కిలోలకు వచ్చింది. తిండి మానలేదు, ఆటా మానలేదు. మట్టిపెట్టెలో తడి గడ్డలు మాత్రం పెద్దవయ్యాయి. కిడ్నీలు. కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగినట్టు పరీక్షలో కనిపించేసరికి పిల్లి కిడ్నీల శక్తిలో నాలుగింట మూడు వంతులు పోయి ఉంటుందని ఆ రోజే తెలిసింది. మిగిలిన ఒక వంతును కాపాడుకుంటూ, తిండి మార్చి, నీళ్ళ గిన్నెలు ఇంట్లో నాలుగు చోట్ల పెట్టి, ఇంకో మూడేళ్ళు గడిపాం. ఆ మూడేళ్ళలో చాలా రోజులు అది కిటికీ గట్టు మీద ఎండలో హాయిగా పడుకుంది.

నెలాఖరు ఆదివారం గౌరిని ఎత్తుకుని బరువు చూసే యంత్రం ఎక్కుతాను, తర్వాత దాన్ని దించి నేనొక్కదాన్నే ఎక్కి, తేడా నోటుబుక్కులో రాస్తాను. ఈ మధ్య ఎత్తుకునేటప్పుడు నా నడుమే ముందు మూలుగుతోంది. మార్చి 19.1. ఏప్రిల్ 18.7. నిన్న 18.3. అన్నం గిన్నె అడుగుదాకా నాకుతోంది, గేటు చప్పుడైతే అందరికంటే ముందు అదే లేస్తోంది. "బాగానే ఉంది కదా, ఎండలకు తగ్గి ఉంటుంది" అన్నారు మా వారు. అయి ఉండవచ్చు. రేపు పొద్దున ఎనిమిదింటికి రక్త పరీక్షకు తీసుకెళ్తున్నాను. రాత్రి పదయ్యాక ఏమీ పెట్టవద్దన్నారు కాబట్టి, నెయ్యి ముద్ద ఈ రోజు ఉండదని అత్తగారికి ఇప్పుడే చెప్పి వచ్చాను.